కాన్పులో పోయే రక్తాన్ని కంటితో కొలవలేం

కాన్పు అయ్యాక ఎంత రక్తం పోయిందో కంటితో చూసి చెప్పడం ఎవరి వల్లా కాదు. ముప్పై ఏళ్ల అనుభవమున్న ప్రొఫెసర్ వల్ల కాదు, నిన్నగాక మొన్న చేరిన హౌస్ సర్జన్ వల్ల కాదు, రోజూ కాన్పులు చేసే స్టాఫ్ నర్సు వల్ల కూడా కాదు. ఇది నా అభిప్రాయమైతే ఇంత గట్టిగా చెప్పేదాన్ని కాదు. ఎన్నో దేశాల్లో, ఎన్నో ఏళ్లుగా చేసిన అధ్యయనాలు మళ్లీ మళ్లీ ఇదే తేల్చాయి. పైగా రక్తం ఎంత ఎక్కువ పోతే మన అంచనా అంత తక్కువకు పడిపోతుంది. అంటే ఏ తల్లి ప్రాణం మీదికొస్తోందో సరిగ్గా ఆ తల్లి దగ్గరే మన కన్ను ఎక్కువ తప్పుతుంది.

నేను గైనకాలజిస్టుని, ప్రభుత్వ ఆసుపత్రి లేబర్ రూమ్‌లో పనిచేస్తాను. ప్రసూతి వైద్యంలో పరిశోధన అంటే చాలామంది ఐవీఎఫ్ గురించో రోబో సర్జరీ గురించో అడుగుతారు. నాకు మాత్రం గత ఇరవై ఏళ్లలో జరిగిన గొప్ప పని ఏదంటే కాన్పు తర్వాత రక్తస్రావం మీద, మేం పీపీహెచ్ అంటాం కదా, దాని మీద జరిగినదే అనిపిస్తుంది. అందులో ఖరీదైన మెషీన్లేవీ లేవు. ఒక ప్లాస్టిక్ షీటు, పాత మందులు, వేళకు చేయాల్సిన పనులు, అంతే. కానీ అవి నిజంగా పనిచేస్తాయా లేదా అని తేల్చడానికి లక్షల మంది తల్లులను చూడాల్సి వచ్చింది.

ముందు అసలు ఏం జరుగుతుందో చెప్తాను. నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైగానే రక్తం వెళ్తుంటుంది. బిడ్డ పుట్టి మాయ పడ్డాక గర్భసంచి గట్టిగా ముడుచుకోవాలి, ఆ కండరాలే రక్తనాళాలను నొక్కిపెట్టి రక్తం ఆపుతాయి. అది ముడుచుకోకుండా మెత్తగా ఉండిపోతే రక్తం ఆగదు. మాయ ముక్క లోపల మిగిలినా, ఎక్కడైనా చిరిగినా, రక్తం గడ్డకట్టే గుణం తగ్గినా ఆగదు కానీ ఎక్కువ కేసులు మాత్రం ఈ మెత్తబడిన గర్భసంచివే. మామూలు కాన్పులో 500 ఎం.ఎల్. దాటితే పీపీహెచ్ అని లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా సుమారు కోటీ నలభై లక్షల మందికి ఇది వస్తుంది, దాదాపు 70 వేల మంది చనిపోతున్నారు.

మన తెలుగు రాష్ట్రాలు ఈ విషయంలో దేశం కంటే మెరుగు. 2018-20 ఎస్ఆర్ఎస్ (జనన మరణాల మీద కేంద్రం చేసే సర్వే) లెక్కల్లో లక్ష కాన్పులకు మాతృ మరణాలు దేశం మొత్తం మీద 97 ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43. కేరళలో 19. మనకూ కేరళకూ మధ్య ఉన్న ఆ తేడాలో ఉన్నది మన ఊళ్ల ఆడపిల్లలే కాబట్టి మెరుగ్గా ఉన్నాం అని ఊరుకోలేను.

ఇక్కడ ఇంకో చిక్కుంది. కాన్పుకొచ్చే ఆడవాళ్లు వయసులో ఉన్నవాళ్లు, వాళ్ల శరీరం చాలాసేపు తట్టుకుంటుంది. లీటరు దాకా పోయినా బీపీ మామూలుగానే కనిపించవచ్చు. పల్స్ మాత్రం ముందే పెరుగుతుంది, దాన్ని ఎవరూ పట్టించుకోకపోతే బీపీ పడిపోయేసరికి బాగా ఆలస్యమైపోతుంది. బయట కూర్చున్న అత్తగారో అమ్మమ్మో "చెడు రక్తం పోతోందిలే, పోనీ, మంచిదే" అంటారు. అలా పోయే చెడు రక్తం అంటూ ఏదీ లేదమ్మా, అది ఆ పిల్ల ఒంట్లో రక్తమే. ఈ ఒక్క మాట నేను ఎన్నిసార్లయినా చెప్తాను. లోపల మేమేమో గుడ్డల్లో, ప్యాడ్లలో, బకెట్‌లో, టేబుల్ కింద నేల మీద చెదిరిన రక్తాన్ని చూసి కేస్ షీట్‌లో 200 ఎం.ఎల్. అని రాస్తాం. చాలాచోట్ల కేస్ షీట్లు వరసగా తిరగేస్తే అందరికీ అదే 200, మహా అయితే 250. అందరు తల్లులకూ సమానంగా రక్తం పోవడం జరిగే పని కాదు కదా.

ఈ లెక్క మార్చిన పని ఒకటి మన పక్క రాష్ట్రంలోనే జరిగింది. బెళగావిలోని జవాహర్‌లాల్ నెహ్రూ మెడికల్ కాలేజీ డాక్టర్లు, అమెరికా నుంచి వచ్చిన సహ పరిశోధకులు కలిసి 2000ల మొదట్లో ఒక ప్లాస్టిక్ షీటు వాడారు. బిడ్డ పుట్టగానే తల్లి నడుం కింద పరిచి కడతారు, కింది భాగం గరాటులా సంచీలా ఉంటుంది, దాని మీద ఎం.ఎల్. గీతలుంటాయి. రక్తమంతా అందులోకే దిగుతుంది, చూసి చదువుకోవడమే. కంటి అంచనానూ షీటు లెక్కనూ పోల్చి చూస్తే కంటి అంచనా మూడో వంతు తక్కువ వచ్చింది. ఇలాంటి షీటునే డ్రేప్ అంటాం, ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్న డ్రేప్‌లకు ముందు తరం ఇదే.

అదే జిల్లాలో ఆ బృందమే ఇంకో పెద్ద ప్రశ్న అడిగింది. గర్భసంచిని ముడుచుకునేలా చేసే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ అందని పల్లెల్లో, ఇళ్లల్లో, సబ్ సెంటర్లలో జరిగే కాన్పులకు ఏఎన్ఎం చేతిలో ఏం పెట్టాలి? అదే పని చేసే మిసోప్రోస్టాల్ మాత్రలు నోటితో ఇస్తే రక్తస్రావం తగ్గుతుందా? 1,620 మంది తల్లులు ఇందులో చేరారు. సగం మందికి మందు, సగం మందికి అచ్చం అలాగే కనిపించే మందు లేని మాత్ర, ఎవరికి ఏది వెళ్లిందో ఇచ్చే ఏఎన్ఎంకి తెలియదు, తల్లికీ తెలియదు. రక్తాన్ని ఆ షీటుతోనే కొలిచారు. 2006లో ఫలితాలొచ్చాయి. మందు లేనివాళ్లలో 12 శాతానికి పీపీహెచ్ వస్తే మందు తీసుకున్నవాళ్లలో 6.4 శాతానికి వచ్చింది. లీటరు దాటిన తీవ్ర రక్తస్రావం 1.2 శాతం నుంచి 0.2 శాతానికి దిగింది. చలి, జ్వరం కాస్త ఎక్కువ వచ్చాయి, అదీ దాచకుండా రాశారు. నాకు ఈ ట్రయల్ మీద ప్రత్యేకమైన గౌరవం ఎందుకంటే దీన్ని నడిపించింది ఏఎన్ఎంలు. పల్లెల్లో కాన్పులు చేసే ఆడవాళ్లు ప్రపంచ స్థాయి పరిశోధనను పద్ధతిగా చేసి చూపించారు. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పీపీహెచ్ నివారణ కోసం మిసోప్రోస్టాల్‌ను అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చడానికి ఆధారమైన అధ్యయనాల్లో ఇదొకటి.

ఇక ట్రానెక్సామిక్ యాసిడ్ సంగతి. గడ్డకట్టిన రక్తం మళ్లీ కరిగిపోకుండా చూసే మందు ఇది. పీజీలు రోజూ వాడే ఈ ఇంజెక్షన్ వెనక ఎవరున్నారో తెలిసినవాళ్లు తక్కువ. జపాన్‌లో ఉటాకో ఒకమోటో అనే డాక్టరమ్మ, ఆమె భర్త షోసుకే ఒకమోటో 1960ల్లో కనిపెట్టారు. చంటిబిడ్డను వీపున కట్టుకుని ల్యాబ్‌లో పనిచేసిన మనిషి ఆమె. కాన్పు తర్వాత రక్తస్రావానికి ఈ మందు పనికొస్తుందని ఆమె నమ్మకం, కానీ అక్కడి ప్రసూతి డాక్టర్లను ట్రయల్‌కు ఒప్పించలేకపోయారు. గుండె ఆపరేషన్లకు వాడారు, పంటి డాక్టర్లు వాడారు, బాలింతలకు మాత్రం దశాబ్దాల పాటు ఎవరూ సరిగా పరీక్షించలేదు. ఆడవాళ్ల జబ్బుల మీద పరిశోధన ఎప్పుడూ వరసలో ఆఖర్న ఉంటుంది అని నేను కోపంగా అనేది ఇందుకే.

చివరికి లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్ వాళ్లు 'ఉమన్' ట్రయల్ మొదలుపెట్టారు. 21 దేశాలు, 193 ఆసుపత్రులు, 2010 నుంచి 2016 దాకా 20,060 మంది తల్లులు. 2017లో వచ్చిన ఫలితం ఇది: కాన్పయిన మూడు గంటల్లోపు ఇంజెక్షన్ అందినవాళ్లలో రక్తం పోయి చనిపోయినవాళ్లు 1.2 శాతం, మందు అందనివాళ్లలో 1.7 శాతం. అంటే రక్తం పోయి జరిగే మరణాలు దాదాపు మూడో వంతు తగ్గాయి. మూడు గంటలు దాటాక ఇస్తే లాభమేమీ కనపడలేదు. తర్వాత ఈ లెక్కల్ని ప్రమాదాల్లో గాయపడినవాళ్ల ట్రయల్ లెక్కలతో కలిపి చూస్తే ప్రతి పావుగంట ఆలస్యానికీ మందు ఇచ్చే లాభం పది శాతం చొప్పున తగ్గుతోందని తేలింది. బ్లడ్ బ్యాంకు నుంచి రక్తం వచ్చాక చూద్దాం, డాక్టరు వచ్చాక చూద్దాం అనుకునే ప్రతి పావుగంటకీ ఇప్పుడు ఒక లెక్కుంది. ఉటాకో గారు 2016లో, 98 ఏళ్ల వయసులో పోయారు. ఫలితం చూడలేదు.

మందులున్నాయి, షీటుంది, గైడ్‌లైన్లున్నాయి. అయినా తల్లులు చనిపోతూనే ఉన్నారు. ఎందుకు? ఈ ప్రశ్నను సూటిగా పట్టుకున్నది ఈ-మోటివ్ ట్రయల్. బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్ యూనివర్సిటీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లోని 80 ఆసుపత్రుల్లో చేశారు, 2023 మేలో ఫలితాలొచ్చాయి.

లేబర్ రూమ్‌లో పనిచేసినవాళ్లకు తెలుసు, మన అలవాటు ఎలా ఉంటుందో. రక్తం ఎక్కువగా ఉందనిపిస్తే ముందు ఆక్సిటోసిన్ పెంచుతాం, చూస్తాం. తగ్గకపోతే ఇంకోటి ఇస్తాం, మళ్లీ చూస్తాం. అప్పుడు ట్రానెక్సా గుర్తొస్తుంది. సిస్టర్ మందు కోసం స్టోర్‌కి వెళ్తుంది, స్టోర్ తాళం ఇంకొకరి దగ్గరుంటుంది. ఒక్కొక్క మెట్టు దగ్గరా పది పదిహేను నిమిషాలు పోతాయి. ఈ-మోటివ్ వాళ్లు చెప్పింది ఒకటే, మెట్లు వద్దు, అన్నీ ఒకేసారి చేయండి. గీతలున్న డ్రేప్‌తో కొలవండి. మొదటి గంట ప్రతి పావుగంటకీ పల్స్, బీపీ, గర్భసంచి గట్టిదనం చూడండి. 500 ఎం.ఎల్. దాటినా, లేదా 300 ఎం.ఎల్. దాటి పల్స్, బీపీల్లో తేడా కనిపించినా ఇక ఆలోచించకండి. గర్భసంచి మసాజ్, ఆక్సిటోసిన్, ట్రానెక్సామిక్ యాసిడ్, సెలైన్, ఆ తర్వాత ఎక్కడి నుంచి రక్తం వస్తోందో పరీక్ష, తగ్గకపోతే పై డాక్టరుకు పిలుపు. వీటికి కావాల్సినవన్నీ ఒక్క ట్రాలీలో, తాళం లేకుండా.

ఈ ట్రయల్ పద్ధతి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అది తెలిస్తేనే ఫలితాన్ని నమ్మబుద్ధవుతుంది. ఒకే లేబర్ రూమ్‌లో ఒక తల్లికి ఇలా, పక్క తల్లికి అలా చేయమంటే కుదరదు, నేర్చుకున్న సిస్టర్ అందరికీ అదే చేస్తుంది, చేయాలి కూడా. అందుకే తల్లులను కాకుండా ఆసుపత్రులనే చీటీలేసినట్టు రెండు గుంపులుగా విడదీశారు. పాత పద్ధతి ఆసుపత్రుల్లో కూడా డ్రేప్ ఇచ్చారు, కానీ దానికి గీతలుండవు. అక్కడి సిబ్బంది ఎప్పట్లాగే కంటితో అంచనా వేసుకుంటారు, పరిశోధన కోసం మాత్రం ఆ రక్తాన్ని తర్వాత తూచి రాసుకుంటారు. దాంతో ఎవరికి నిజంగా ఎంత పోయిందో రెండు వైపులా ఒకే రకంగా తెలిసింది. నాకు చాలా నచ్చిన ఆలోచన ఇది.

2,10,132 మంది తల్లుల లెక్క. పాత పద్ధతిలో పీపీహెచ్ వచ్చినవాళ్లలో 51 శాతాన్నే గుర్తించగలిగారు. అంటే దాదాపు సగం మంది కళ్లముందే తప్పిపోయారు! కొత్త పద్ధతిలో 93 శాతాన్ని పట్టుకున్నారు. చికిత్సలన్నీ కలిపి అందింది అక్కడ 19 శాతానికి, ఇక్కడ 91 శాతానికి. లీటరు దాటిన రక్తస్రావం గానీ, రక్తం ఆపడానికి పొట్ట కోయాల్సి రావడం గానీ, దానివల్ల మరణం గానీ, ఈ మూడింట్లో ఏదో ఒకటి జరిగినవాళ్లు 4.3 శాతం నుంచి 1.6 శాతానికి తగ్గారు. ఇందులో ఎక్కువ వంతు తగ్గింది తీవ్ర రక్తస్రావమే. మరణాలను విడిగా తీసి చూస్తే తేడా గట్టిగా చెప్పగలిగినంత లేదు, ఇంత పెద్ద ట్రయల్‌లో కూడా. ఫలితం బాగుంది కదా అని ఆ సంగతి వదిలేసి చెప్పడం నాకిష్టం లేదు. 2025 అక్టోబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త గైడ్‌లైన్లలో 500 దాకా ఆగొద్దు, 300 దాటి పల్స్, బీపీ తేడాగా ఉంటే చికిత్స మొదలుపెట్టమని చెప్పింది.

ఇన్ని మంచి ఫలితాల మధ్య 'కాదు' అని తేల్చిన ట్రయల్ ఒకటుంది, దాన్నీ నేను అంతే విలువైనదిగా చూస్తాను. పాకిస్తాన్, నైజీరియా, టాంజానియా, జాంబియాల్లో చేసిన 'ఉమన్-2'. రక్తహీనత ఉన్న తల్లులకు ముందే ట్రానెక్సామిక్ యాసిడ్ ఇచ్చేస్తే రక్తస్రావం రాకుండా ఉంటుందేమో చూద్దామని 15,068 మంది మీద చేశారు. మందు లేనివాళ్లలో 6.6 శాతానికి, మందు తీసుకున్నవాళ్లలో 7 శాతానికి పీపీహెచ్ వచ్చింది. తేడా లేదు. మనకు ఇది చాలా దగ్గరి విషయం, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్ఎఫ్‌హెచ్ఎస్-5) ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనతే. ఏడు గ్రాముల హిమోగ్లోబిన్‌తో కాన్పుకొచ్చిన పిల్లకు 500 ఎం.ఎల్. దాకా ఆగే వీలే ఉండదు, అంతకంటే తక్కువ పోయినా ఆమె తట్టుకోలేదు. లేబర్ రూమ్‌లో ఇచ్చే ఒక ఇంజెక్షన్ ఆ లోటు తీర్చదని ఈ ట్రయల్ చెప్పింది. నాలుగో నెల నుంచే ఐరన్ మాత్రలు మింగించాలి, అవి పడనివాళ్లకు ఐరన్ ఇంజెక్షన్ సెలైన్‌లో ఎక్కించాలి, ఆ పని ఆశా దగ్గరా పీహెచ్‌సీలోనూ జరగాలి.

ట్రయల్ అనే మాట వినగానే మన జనం భయపడతారు, ఆ భయాన్ని నేను తప్పుపట్టను. 2009-10లో ఖమ్మం జిల్లాలో, గుజరాత్‌లోని వడోదరలో పాఠశాల వయసు ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) వేసిన ప్రాజెక్టు గుర్తుందా? ఏడుగురు పిల్లలు చనిపోయారు, 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేలింది, టీకా మంచిదే, మీ పిల్లలకు వేయించండి. కానీ ఎంతోమంది గిరిజన పిల్లల తల్లిదండ్రులను అడగకుండా హాస్టల్ వార్డెన్ల చేత సంతకాలు పెట్టించారు. పార్లమెంటరీ కమిటీ 2013లో దాన్ని గట్టిగా తప్పుపట్టింది. అడగకుండా చేసిన పని ఎంత మంచిదైనా నమ్మకం పోతుంది. మన దగ్గర ఏ ట్రయల్ అయినా ఇప్పుడు సీటీఆర్ఐ అనే జాతీయ రిజిస్టర్‌లో నమోదు కావాలి, అది ఆన్‌లైన్‌లో ఎవరైనా చూడొచ్చు. ఆసుపత్రిలో మిమ్మల్ని ఏదైనా పరిశోధనలో చేరమంటే ఆ నంబర్ అడగండి. తెలుగులో రాసిన కాగితం అడగండి, ఇంటికి తీసుకెళ్లి చదివించుకోండి. వద్దంటే వైద్యం ఆగదు, ఆగకూడదు. నా అనుభవంలో, నొప్పులు పడుతున్న మనిషి చేత సంతకం పెట్టించుకోవడం అనుమతి అనిపించుకోదు. ఎనిమిదో నెలలో చెకప్‌కి వచ్చినప్పుడు కూర్చోబెట్టి చెప్పాలి.

మందుల చల్లదనం మీద కూడా ఒక మాట. ఆక్సిటోసిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. రెంటచింతల ఎండల్లో, కరెంటు పోయే పీహెచ్‌సీలో ఆ ఫ్రిజ్ సంగతేమిటో ఎవరూ రోజూ చూడరు. అదే పని చేసే, వేడికి పాడవని కార్బెటోసిన్‌ను పది దేశాల్లో దాదాపు 30 వేల మంది తల్లుల మీద, మన దేశంలో కూడా, పరీక్షించారు. రక్తస్రావం రాకుండా చూడడంలో ఆక్సిటోసిన్‌కు తీసిపోదని 2018లో తేలింది.

ఇప్పుడు అసలు నా మనసులో ఉన్నది. ఈ-మోటివ్ చేసింది మామూలు కాన్పుల్లో. మన దగ్గర ఎన్ఎఫ్‌హెచ్ఎస్-5 ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లు. అంత ఎక్కువ ఎందుకున్నాయో దాని మీద విడిగా రాస్తాను. కానీ సిజేరియన్‌లో రక్తం ఎలా కొలవాలి? డ్రేప్ పనికిరాదు. రక్తం పీల్చే మెషీన్ సీసాలోకి, అంటే సక్షన్ జార్‌లోకి కొంత, అద్దే గుడ్డల్లోకి, అంటే మాప్‌లలోకి కొంత పోతుంది, ఉమ్మనీరు అందులోనే కలుస్తుంది. ఆపరేషన్ నోట్స్‌లో అందరికీ 500 అని రాసి ఉంటుంది. సిజేరియన్ ముందు అందరికీ ట్రానెక్సామిక్ యాసిడ్ ఇవ్వాలా అన్న ప్రశ్నకు కూడా ఫ్రాన్స్‌లో, అమెరికాలో చేసిన పెద్ద ట్రయల్స్ 'ఇవ్వండి' అనేంత బలమైన జవాబు ఇవ్వలేదు. ఆ తల్లులు వేరు, ఏడు, ఎనిమిది గ్రాముల హిమోగ్లోబిన్‌తో బల్ల ఎక్కే మన తల్లులు వేరు. ఈ పని మనమే చేయాలి, కేసులు మన దగ్గరే ఉన్నాయి.

ఓబీజీ (ప్రసూతి, స్త్రీ వ్యాధుల విభాగం) పీజీలు ఎవరైనా థీసిస్ టాపిక్ కోసం వెతుకుతూ ఇది చదువుతుంటే నా మాట వినండి. పొడి మాప్ బరువెంతో ముందే తూచి రాసుకోండి. ఉమ్మనీరు లాగేశాక సక్షన్ జార్ మార్చండి. ఆపరేషన్ అయ్యాక తడిసిన మాప్‌లు తూచి పొడి బరువు తీసేయండి, ఒక గ్రాము అంటే దాదాపు ఒక ఎం.ఎల్. అని లెక్కేసి రెండో జార్‌లోది కలపండి. సర్జన్ నోట్స్‌లో రాసిన అంకెను పక్కన పెట్టి పోల్చండి, మర్నాటి హిమోగ్లోబిన్‌తో సరిచూడండి. ఎథిక్స్ కమిటీ అనుమతి, సీటీఆర్ఐ నంబర్ మొదలుపెట్టక ముందే తీసుకోండి. తూకం మెషీన్ కోసం ఆసుపత్రిని అడిగి ఎదురుచూడొద్దు, కూరగాయల కొట్టులో దొరికే ఎలక్ట్రానిక్ కాటా కొనుక్కుని సరైన బరువులతో ఒకసారి సరిచూసుకుంటే మొదలుపెట్టడానికి చాలు. లెక్కలు కట్టడంలో సాయం కావాలంటే కింద రాయండి, నేనున్నాను.